మంచుకొండకు మూడు గొంగళ్లు

తాండూరులో చలి అంటే తెల్లవారుజామున నాపరాయి మీద కాలు పెట్టినప్పుడు జివ్వుమనడమే. పొద్దెక్కేసరికి అదే రాయి మీద మిరపకాయలు ఎండబెట్టుకుంటాం. అలాంటి ఊరి నుంచి మేము ఐదుగురం మూడు గొంగళ్లు వెంటబెట్టుకుని సిమ్లా పోయి, మంచు తొక్కి వచ్చాం. వచ్చినప్పటి నుంచి బావి దగ్గర, బజార్లో, ఎక్కడ కనబడితే అక్కడ నన్ను ఆపి అడుగుతున్నారు. ఎంతైంది, ఏం తిన్నారు, పిల్లలకు సర్ది పట్టలేదా అని. ఒక్కొక్కరికి చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది. అందుకే అందరికీ కలిపి ఒక్కసారి రాసి పారేస్తున్నాను.

క్యాలెండర్‌లో కుటుంబం

సరళ నాయిన తాండూరు స్టేషన్‌లో పార్సిల్ గుమాస్తా. సరళ మా పెద్దపిల్ల. మొగుడి పేరు ఎత్తే అలవాటు మా ఇళ్లలో లేదు, ఇది రాసేటప్పుడు మా అత్త పక్కనే కూర్చుని ఉంది కూడా. కాబట్టి ఆయన ఇక్కడ సరళ నాయినే.

మూడేళ్ల కింద ఆయనకు క్షయ పట్టింది. వికారాబాద్ పక్కన అనంతగిరి కొండమీది దవాఖానలో ఏడాదికి పైగా ఉన్నాడు. ఆయన మంచానికి ఎదురుగా గోడకు ఏదో విదేశీ మందుల కంపెనీ క్యాలెండర్ ఉండేది. ఏడాది మారినా దాన్ని ఎవరూ తీయలేదు. అందులో ఆల్ప్స్ కొండలు, వాటి మీద తెల్లటి మంచు, ఆ మంచు మీద కాళ్లకు పొడుగాటి చెక్కలు కట్టుకుని జారుతున్న ఒక తల్లి, ఒక తండ్రి, ఇద్దరు పిల్లలు. పగలూ రాత్రీ దాన్నే చూస్తూ పడుకున్నాడు మనిషి. ఆదివారం నేను పోతే వరండా మెట్ల కిందనే నన్ను నిలబెట్టి, పైనుంచి మాట్లాడేవాడు.

“గీ కొండ దిగి వస్తె గనక, మనం నలుగురం గట్ల పోదామే,” అనేవాడు.

నలుగురిలో మా అత్త లేదు పాపం. తర్వాత గుర్తొచ్చి కలుపుకున్నాడు.

కొండ దిగాడు. ఎక్స్‌రే తీసి, కఫం పరీక్ష చేసి, ఇక రోగం లేదని డాక్టర్ చెప్పాడు. పిల్లల్ని ఎత్తుకో, అందరితో కలిసి తిను అని నా ముందే చెప్పాడు. ఈయన వింటేనా! తన గ్లాసుకు తానే ఆకురాయితో రెండు గీతలు గీసుకున్నాడు. కంచం వేరు, పక్క వేరు, తువాలు వేరు. మా చిన్నపిల్ల చిట్టి ఆయన కొండెక్కేనాటికి ఒళ్లో పాలు తాగే పిల్ల. ఇప్పుడు దానికి నాలుగేళ్లు. దిగి వచ్చినప్పటి నుంచి దాన్ని ఒక్కసారి ఎత్తుకోలేదు. అది ఆయన్ని ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసినట్టు తలుపు చాటు నుంచి చూస్తుంది. ఊరివాళ్లు ఆ జబ్బు సంగతి మరిచిపోయారు, ఆయన మరవలేదు.

ఒట్టు పెట్టి చెబుతున్నాను, నాకు మంచు మీద ఏ మోజూ లేదు. ఆయన ఆ పిల్లను ఎత్తుకుంటే చాలు. ఇంట్లో అయితే ఎనిమిది మూరల దూరాన మంచం వేసుకోగలడు, రైలు డబ్బాలో ఎక్కడ వేసుకుంటాడు? ప్రయాణానికి నేను సరేనన్నది ఆ ఆశతోనే.

ఏ కొండకు పోవాలి?

ఆల్ప్స్ సంగతి ఒక్క మాటతో తేలిపోయింది. మనిషికయ్యే ఓడ ఖర్చుతో తాండూరులో ఇల్లు కొనవచ్చునని స్టేషన్ మాస్టర్ నవ్వాడు. మరి మన దేశంలో మంచు ఎక్కడ అని సరళ నాయిన డ్యూటీ దిగాక గార్డులను, డ్రైవర్లను పట్టుకుని ఆరా తీశాడు.

కాశ్మీరం బాగుంటుందన్నారు. కానీ రైలు పఠాన్‌కోట్ దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి ఐదుగురికి బస్సు, పైన పడవ ఇంటి కిరాయి. డార్జిలింగ్‌లో మంచుకొండ దూరం నుంచి కనబడుతుందట, కాలి కింద పడడం అరుదట. కనబడే కొండే అయితే అనంతగిరి చాలదా అన్నాను నేను. ఊటీలో చలి తప్ప మంచు లేదు. చివరికి సిమ్లా మిగిలింది. అక్కడికి రైలు కొండ పైదాకా పోతుంది. రైల్వే నౌకర్లకు పాస్ ఉంటుంది కనుక తాండూరు నుంచి సిమ్లా దాకా టికెట్ ఖర్చు లేదు. పైగా అక్కడ రైల్వే వాళ్లకు తక్కువ కిరాయికి విడిది గదులు ఉన్నాయి. మాలాంటి వాళ్లకు ఏ ఊరు అందం అన్నది తర్వాతి మాట. రైలు ఎక్కడిదాకా పోతే మా సెలవులు అక్కడిదాకా పోతాయి.

కోట్లు కుట్టించాలంటే దర్జీ చెప్పిన ధరకు గుండె ఆగింది. మా అత్త, “కోట్లెందుకే? గొంగళ్లున్నయి గద,” అంది. మా అత్త పుట్టిల్లు బంట్వారం, గొర్లు కాసే కురుమలు. ఆవిడ ఉన్ని వడికి ఇస్తే తమ్ముడు నేసి పంపిన గొంగళ్లవి. నల్ల గొర్రె ఉన్నితో నేసి, చింతగింజల గంజి పెట్టినవి. తలమీద కొసను మడిచి కొప్పెర పెట్టుకుంటే ఎంత వానైనా లోపలికి చుక్క దిగదు. అత్తకొకటి, కొడుక్కొకటి, పిల్లలిద్దరికీ కలిపి ఒకటి. నాకు స్టేషన్ మాస్టర్ భార్య తన పాత స్వెట్టరు ఇచ్చింది.

వికారాబాద్

బండి వికారాబాద్‌లో ఆగింది. సరళ నాయిన లేచి, కొండ కనబడని వైపు కిటికీ దగ్గర కూర్చున్నాడు.  రేగుపండ్లు అమ్మే ఆమె దగ్గర దోసెడు కొన్నాను. చిట్టి ఒక పండు సగం కొరికి, తియ్యగా ఉందేమో, ఏం తోచిందో, లేచి పోయి మిగతా సగం వాళ్ల నాయిన నోటి దగ్గర పెట్టింది.

“నువ్వే తిను బిడ్డా,” అని ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు.

అది ఆ సగం పండు పట్టుకుని కాసేపు నిలబడి, తిరిగొచ్చి నా ఒళ్లో పెట్టింది. ఆయన మొహాన్ని రెండు చేతులా పట్టుకుని ఆ పిల్ల వైపు తిప్పాలనిపించింది నాకు.

ఢిల్లీ బండిలో

హైదరాబాద్‌లో ఢిల్లీ బండి ఎక్కాం. మా ఎదుటి బల్ల మీద ఒక పెద్దమనిషి, ఆయన బేగం. ఆగ్రాలో బిడ్డ కాన్పుకు పోతున్నారు. మాటల్లో పడితే ఆయనదీ మా తాండూరేనని, నాపరాళ్ల వ్యాపారమని తేలింది. ఇక మియా సాబ్ నోరు ఆగలేదు. ఊళ్లో ఉన్నప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్లం, బల్లార్షా దాటేసరికి చుట్టాలమైపోయాం.

తిండి వేళకు మా అత్త రెండు బల్లల మధ్య పెట్టెలు జరిపి, వాటి మీద తన గొంగడి పరిచింది. బేగం బగారా బైంగన్ డబ్బా తీసింది. మియా సాబ్ తిండి కింద పరిచే తమ దస్తర్‌ఖాన్ గుడ్డ చేతిలో పట్టుకుని ఆగాడు.

“అమ్మా, మీ గొంగడి మీద మాది పరచొచ్చునా? మీకేం ఫికర్ లేదు గద?”

“పరచయ్యా,” అంది మా అత్త. “గొంగడికి అంటు లేదు.”

అది మా వైపు పాత మాటే. చావింటికి కప్పుకుపోయినా గొంగడిని తడపరు. పంచాయితీకి గొంగడి పరిస్తే ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. మైల గుడ్డకే గాని ఉన్నికి లేదంటారు. మియా సాబ్ సంతోషంగా గుడ్డ పరిచి, ఒక పెద్ద పళ్లెంలో రొట్టెలూ కూరా వేసి అందరికీ నడిమధ్య పెట్టాడు. వాళ్లు ఒకే పళ్లెంలో చుట్టూ కూర్చుని తింటారు. మేము మా జొన్న రొట్టెలు, పల్లీల కారం, మలీద ముద్దలు పెట్టాం. బేగం మలీద తిని, “బెల్లం, నెయ్యి మస్తుగున్నయమ్మా,” అని చిట్టికి తన చేత్తో ఇంకో ముద్ద తినిపించింది.

“రా భాయ్, కూసో,” అని మియా సాబ్ సరళ నాయినను పిలిచాడు.

“నాకీ పొద్దు ఒక్కపొద్దు,” అన్నాడీయన.

బుధవారం నాడు ఎవరికి ఒక్కపొద్దు? కాసేపటికి తలుపు దగ్గర నిలబడి, రెండు గీతల గ్లాసులో నీళ్లు పెట్టుకుని, ఒక్కడే రొట్టె తింటుంటే చూశాను. మియా సాబ్ కూడా చూశాడు. పెద్దమనిషి, చూపు తిప్పుకుని రొట్టె తుంచుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. వచ్చే స్టేషన్లో దిగి వెనక్కి పోదామా అనిపించింది.

కాల్కా నుంచి పైకి

ఢిల్లీలో చెప్పడానికేం లేదు. చాయ్ మన దగ్గరికంటే రెట్టింపు ధర, దుమ్ము కూడా రెట్టింపు. కాల్కాలో పెద్ద రైలు దిగి బొమ్మ రైలంత దాన్ని ఎక్కాం. సొరంగాలు లెక్క పెడతానని సరళ మొదలుపెట్టింది గాని, ఒక స్టేషన్లో వేడి పకోడీలు వచ్చేసరికి లెక్క తప్పింది.

పైకి పోయేకొద్దీ ఇళ్ల కప్పులు చూసి నాకు నవ్వొచ్చింది. మన నాపరాళ్లలాంటి పలకలే. మనం కాళ్ల కింద పరుచుకుంటాం, వాళ్లు నెత్తిమీద కప్పుకుంటారు. అది చూసి మా అత్త, “గాలొస్తె నెత్తి పగులదా?” అని దారి పొడుగునా వాళ్ల గురించి పరేషానైంది.

సిమ్లాలో గది చిన్నదే, కిరాయి తక్కువే. కాపలా ముసలాయన బొగ్గుల కుంపటి తెచ్చిపెట్టి, కిటికీ కొంచెం తెరిచి ఉంచమని రెండుసార్లు చెప్పి పోయాడు. సరళ నాయిన వరండాలో పడుకుంటానన్నాడు. తనకొచ్చిన హిందీలో ముసలాయనతో ఆ మాట అంటే, ఆయన మా అందరి మొహాలు చూసి, పొద్దున్నే శవాన్ని ఎవరు మోస్తారని అడిగాడు. దాంతో గదిలోనే, కానీ తలుపుకు ఆనుకుని, తన గొంగట్లో తాను ముడుచుకుని పడుకున్నాడు. మా నలుగురికీ ఆయనకూ మధ్యన కుంపటి.

తిండికి ఇబ్బంది లేదు. ఎర్ర చిక్కుడు గింజల పులుసు, అన్నం చవకగా దొరుకుతాయి. ఆలుగడ్డ లేని కూర లేదు. కందిపప్పు మాత్రం దొరకదు. మూడో పూటకు మా అత్త పప్పు కోసం చిన్నపిల్లలా మారాం చేసింది. మిగిలిన జొన్న రొట్టెల మూటను బజార్లో ఒక కోతి ఎత్తుకుపోయింది. గోడెక్కి, ఒకటి కొరికి చూసి, మూట మూటంతా మా మీదికే విసిరికొట్టింది. రొట్టెలు కాల్చి వారం కావస్తోంది, దాని తప్పేం లేదు.

ఒక్క సంగతి ముందే తెలుసుకోండి. సిమ్లా ఊళ్లో మంచు అన్ని రోజులూ ఉండదు. మేము పోయినప్పుడు నీడ మూలల్లో సున్నం కుప్పల్లా కాస్త మురికి మంచు ఉంది, అంతే. సరళ మొహం ముడుచుకుంది. మంచు కావాలంటే బస్సెక్కి కుఫ్రీ పోవాలన్నారు.

కుఫ్రీ

బస్సు దిగగానే కళ్లు మూసుకున్నాం, అంత తెలుపు. సరళ నాయిన మాత్రం రెప్ప వేయలేదు. ఎదురుగా వాలు మీద కాళ్లకు చెక్కలు కట్టుకుని మనుషులు జారుతున్నారు. తల్లిదండ్రులు, పిల్లలు కూడా ఉన్నారు.

“అదే. గదే బొమ్మ,” అన్నాడు మెల్లగా.

చెక్కలు కిరాయికి ఇస్తారు, నేర్పడానికి మనిషిని కూడా. కానీ ఒక్కరికి అరగంటకు అడిగిన ధర మాకు సిమ్లాలో రెండు పూటల భోజనం. ఆ ముచ్చట సరళకు ఒక్కదానికే దక్కింది. మిగతా వాళ్లకు కూర్చుని జారే చెక్కబండి ఉందట, జారినప్పుడల్లా రూపాయి. కూర్చుని జారడానికి రూపాయెందుకని నాకు తెలివి పుట్టింది. గొంగడి లేదూ!

పిల్లల గొంగడిని మంచు మీద పరిచి, చిట్టిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, “తొయ్యి అత్తా,” అన్నాను. తోసింది. మూరెడు కదిలి ఆగింది. మళ్లీ తోసింది. ఉన్నికి మంచు పట్టుకుంటుందని మాకేం తెలుసు? జారడానికి బదులు అది మంచునంతా ముద్దలు ముద్దలుగా మూటగట్టుకుంది. చుట్టూ ఉన్న వాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. అటు సరళ లేచేదానికంటే పడేదే ఎక్కువ. అయినా కిందిదాకా ఒక్కసారి పడకుండా వచ్చి, నాయిన వైపు చేతులు ఊపింది. ఆయన దూరంగా నిలబడి చప్పట్లు కొట్టాడు. గొంగట్లోంచి చేతులు బయటికి తీసి ఆయన చప్పట్లు కొట్టడం ఎన్నాళ్లకు చూశానో!

అప్పుడు గాలి లేచింది. ఎండ పోయింది. తిరుగు బస్సుకు ఇంకా చాలా సేపుంది. పక్కనే ఒక చాయ్ కొట్టు, మూడు వైపులే గోడ. అందులో దూరాం. కొట్టతను పొయ్యి దగ్గర కూర్చుని కదురు తిప్పుతూ ఉన్ని వడుకుతున్నాడు. మామూలుగా అయితే మగవాడు వడకడం చూసి మా అత్త ఊరంతా చెప్పుకునేది. మా దగ్గర వడికేది ఆడవాళ్లు, నేసేది మగవాళ్లు. ఆ పూట ఆ పోగు వేళ్లతో తడిమి, “సన్నగనే తీసినవు తమ్మీ,” అని ఊరుకుంది. అతనికి ఏం అర్థమైందో, నవ్వి, ఆవిడకు పొయ్యి దగ్గర చోటిచ్చాడు.

చిట్టి పెదవులు నల్లబడ్డాయి. పళ్లు టకటకమని కొట్టుకుంటున్నాయి. దాని గౌను తడి, నా చీర తడి, స్వెట్టరు తడి. పిల్లల గొంగడి ఎత్తబోతే, మంచు ముద్దలతో నాని నీళ్లు తాగిన దున్నపోతు బరువుంది. మా అత్త అప్పటికే తడిసిన సరళను తన గొంగట్లోకి లాక్కుంది. ఇక పొడిగా ఉన్నది ఒక్కటే, సరళ నాయినది.

ఆయన ఒక్క క్షణం ఆలోచించలేదు. తన గొంగడి మొత్తం తీసి చిట్టికి చుట్టి, ఉత్త చొక్కాతో ఆ గాలిలో నిలబడ్డాడు. మా అత్తకు ప్రాణం పోయినంత పనైంది.

“ఏం జేస్తున్నవురా! మళ్ల కొండెక్కుతవా? గది ఇద్దరు పట్టే గొంగడి. పిల్లను లోపటికి తీస్కో!”

“వద్దవ్వా. నా దగ్గర వద్దు. పిల్లకు...”

“ఏంది పిల్లకు?”

ఆయన ఇంకో అడుగు వెనక్కి వేశాడు.

“గొంగడికి అంటు లేదు,” అంది మా అత్త. “మా తాత నాడు లేదు, మా నాయిన నాడు లేదు. నీతోని పుట్టిందారా అంటు?”

డాక్టర్ చెప్పాడు, నేను ఎన్నోసార్లు చెప్పాను. ఎక్స్‌రే చూపించాం. వేటికీ కదలని మనిషి ఆ ఒక్క మాటకు నా వైపు చూశాడు. నేను తల ఊపాను, అంతే. నోరు తెరిస్తే ఏడుస్తానని తెలుసు. ఆయన బల్ల మీద కూర్చుని, గొంగడి విప్పి, చిట్టిని ఎత్తి ఒళ్లో పెట్టుకుని, ఇద్దరి మీదా కప్పుకుని కొప్పెర కిందికి లాగాడు. ఆయన గడ్డం తప్ప ఏమీ కనబడలేదు.  తర్వాత లోపలి నుంచి చిట్టి గొంతు వినబడింది.

“నాయినా, నీ గడ్డం కుచ్చుకుంటున్నది.”

“ఉండు బిడ్డా. రేపు గీసుకుంట.”

నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. కొట్టతను పొగ అనుకుని పొయ్యిలో కట్టె సర్దాడు. చాయ్ వచ్చింది. రెండు గీతల గ్లాసు మూటలో ఉంది, నేను తీయలేదు, ఆయనా అడగలేదు. కొట్టతని గ్లాసులోనే తాగాడు. తాగుతూ తాగుతూ గొంగడి లోపలికి కూడా అందించాడు.

బస్సు వచ్చేసరికి చిట్టి నిద్రపోయింది. సిమ్లాలో గది చేరేదాకా ఆయన దాన్ని దించలేదు. ఆ రాత్రి కుంపటిని మూలకు జరిపాం.

మళ్లీ తాండూరు

పోదలచిన వాళ్లకు నేను చెప్పేది ఇంతే. రైల్వే పాస్ ఉంటే సిమ్లాయే మేలు. ఒక కుంచెడు కందిపప్పు వెంట తీసుకుపొండి. జొన్న రొట్టెలు వద్దు, కోతులు కూడా తినవు. చెక్కబండికి రూపాయి ఇచ్చేయండి, గొంగడితో పిసినారితనం చేయకండి. మాది ఆరడానికి నాలుగు రోజులు పట్టింది. రెండు గీతల గ్లాసుతో ఇప్పుడు నేను పప్పు కొలుస్తున్నాను, కొలతకు సరిగ్గా ఉంది.

నిన్న పక్కింటి నర్సమ్మక్క వచ్చి చిట్టిని దగ్గరికి పిలిచింది.

“ఏమే పిల్లా, సిమ్లాల ఏం జూసినవే? మంచు ఎట్లున్నది?”

“నేను చూడలె,” అంది చిట్టి. “నాయిన గొంగట్ల పండుకున్న.”

నర్సమ్మక్క నా వైపు తిరిగి బుగ్గ నొక్కుకుంది. “ఓయమ్మో! గొంగట్ల పండుకునుటానికి గంత దూరం పోవాల్నా?”

“గందుకే పోయినం అక్కా,” అన్నాను.